ఎమ్మార్వో గారి డబ్బా

మా ఊళ్లో కిరసనాయిలు ఇచ్చే రోజున లైనులో మనుషులు నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. తెల్లారగానే ఎవరి డబ్బా వాళ్లు నా రేషన్ షాపు ముందు పెట్టేసి పనుల్లోకి పోతారు. ఒకరి డబ్బా ఇంకొకరు వెనక్కి జరపరు, అంతవరకు మర్యాదస్తులే. మధ్యలో నేనే, వాళ్లు ఒక్కొక్కరూ తిరిగొచ్చేదాకా కొలత డబ్బా పట్టుకుని కూర్చోవాలి. డీలరు బుజ్జిబాబుకీ ఆకలేస్తుందని ఎవరికైనా గుర్తుంటేనా!

తొంభై ఏడులో సత్యశ్రీ గారు ఎమ్మార్వోగా వచ్చారు. చిన్న వయసు, చురుకైన మనిషి. గ్యాస్ కనెక్షన్ ఇంకా రాక, మా వీధి చివర అద్దె గదిలో కిరసనాయిలు స్టవ్వు మీదే వండుకునేవారు. డబ్బాల వరుస చూసి మొహం చిట్లించారు.

"ఒక్కో ఇంటివాళ్లు రెండేసి డబ్బాలు పెడుతున్నారు. రోజంతా షాపు తెరిచే ఉంటోంది. ఇకనుంచి మనిషే కార్డు పట్టుకుని రావాలి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది, అంతే."

నాకు ప్రాణం లేచొచ్చింది. నిజంగానే ఆ నెల తొమ్మిదింటికల్లా పని తెమిలిపోయింది. ఇంటికెళ్లి వేడివేడి అన్నం తిని, హాయిగా కునుకు తీశాను.

సాయంత్రం మేడం గారు మిగిలిన సరుకు చూస్తుంటే పాపాయి వచ్చింది. వరి ఊడ్పులకెళ్లే ఆడవాళ్ల ముఠాకి ఆవిడే పెద్ద. మోకాళ్లదాకా బురద, చేతిలో ఖాళీ డబ్బా, వెనకాల ముఠా అంతా.

"పొద్దున రావాలి కదమ్మా, టైము దాటిపోయింది" అన్నారు మేడం గారు.

"పొద్దున వస్తే కూలి పోద్దండి. సాయంత్రం వస్తే నూనె పోద్దండి. రెండిట్లో ఏది వదులుకోమంటారో మీరే చెప్పండమ్మా."

పాపాయి గొంతులో కోపం లేదు. నిజంగానే సలహా అడుగుతున్నట్టు నిలబడింది. మేడం గారు జవాబు కోసం నా వైపు చూశారు. నేను తాళంచెవుల వైపు చూశాను.

"డ్రమ్ము తెరవండి బుజ్జిబాబు గారూ" అన్నారు చివరికి.

పై నెలకి కొత్త పద్ధతి పెట్టారు. కార్డుకి ఒక్కటే డబ్బా, దాని మీద తెల్లరంగుతో కార్డు నంబరు. పొద్దున వరుసలో పెట్టి వెళ్లిపోవచ్చు. నేను మొదటి నుంచి పోసుకుంటూ పోవాలి, సాయంత్రం వాళ్లొచ్చి పట్టుకెళ్లాలి. మనసులో తిట్టుకున్నాను గానీ, పని మునుపటికంటే తొందరగా అయింది. డబ్బాలు బేరాలాడవు, కొట్టుకోవు కదా! మేడం గారు తన డబ్బా మీద కూడా నంబరు వేయించుకున్నారు.

ఆ తర్వాతి నెలలో సరుకు తక్కువొచ్చింది. ఆ రోజు మేడం గారికి కాకినాడలో మీటింగు. ఆవిడ గది అరుగు మీద డబ్బా ఖాళీగా ఉండటం చూసి, పాపాయే తెచ్చి వరుసలో చిట్టచివర పెట్టింది. ఎమ్మార్వో డబ్బా ఆఖర్న ఉండటమేంటని నేను దాన్ని తీసి ముందు పెట్టాను.

"ఎక్కడిది అక్కడ పెట్టండి బుజ్జిబాబు గారూ" అంది పాపాయి, కలుపు తీతకెళ్తూ ఆగి.

"నీకేం పోయింది? మెమో ఇస్తే నాకు కదా!"

"పెట్టండి."

సణుక్కుంటూ పెట్టాను. నేను భయపడ్డట్టే జరిగింది. ఆఖరి డబ్బా దగ్గరికొచ్చేసరికి డ్రమ్ములో చుక్క లేదు.

సాయంత్రం ఆవిడ జీపు దిగి వచ్చేటప్పటికి అందరూ డబ్బాలు పట్టుకెళ్తున్నారు. ఆవిడది ఒక్కటే ఖాళీగా ఉంది. నాకు చెమటలు పట్టేశాయి.

"మీది ఆఖర్న ఉందండి, అందలేదు" అంది పాపాయి, నదురూ బెదురూ లేకుండా.

మేడం గారు ఖాళీ డబ్బా చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి నంబరు చూసుకున్నారు. "సరే, న్యాయమేగా" అన్నారు. నవ్వారు గానీ, బాగా అలిసిపోయి ఉన్నారు. కాకినాడలో భోజనం చేశారో లేదో!

పాపాయి కింద కూర్చుంది. ఆవిడ చేతిలోంచి డబ్బా లాక్కుని, గరాటు పెట్టి, తన డబ్బాలోంచి సగం వంచేసింది.

"అయ్యో, వద్దు పాపాయి గారూ! మీకు చాలదు."

"షాపులో వరుస తప్పకూడదండి. ఇది మా ఇంట్లోదండి, నా ఇష్టం. స్టవ్వు వెలక్కపోతే మీరు పస్తు పడుకునే రకం. చూస్తూ ఊరుకోమంటారా?"

మేడం గారు డబ్బాని రెండు చేతులతో అందుకున్నారు. మొహం పక్కకి తిప్పి కళ్లు తుడుచుకున్నారు. నిజం చెప్పాలంటే నాకూ కళ్లు చెమర్చాయి.

"వచ్చే నెల నా డబ్బా కాస్త ముందు పెట్టండి" అన్నారు నవ్వుతూనే.

పాపాయి చీర దులుపుకుని లేచింది.

"తెల్లారగట్ట లేచి మీరే పెట్టుకోండి మరి" అంది.