మూడు సూదులు

"నీ కంచం, గ్లాసు ఇకనుంచి ఆ కిటికీ దగ్గర పెట్టుకో. మావాటితో కలపకు," అంది అత్తగారు. అలాగే విడిగా పెట్టుకున్నాను. ఆ తర్వాత అవే చేతులతో ఇంటిల్లిపాదికీ అన్నం వండాను, వాళ్ళు తిన్న కంచాలన్నీ తోమాను. నా గ్లాసుకి అంటిన జబ్బు నా వంటకెందుకు అంటలేదో ఎవరికీ అనుమానం రాలేదు. ఏడో నెల కడుపుతో సింకు ముందు నిలబడి పళ్ళు నూరుకున్నాను.

గర్భిణులకి చేసే రక్తపరీక్షల్లో నాకు హెపటైటిస్ బి ఉందని తేలి మూడు వారాలైంది. తిండి వల్ల, గ్లాసుల వల్ల రాదనీ, రక్తం ద్వారా, భార్యాభర్తల కలయిక వల్ల వస్తుందనీ డాక్టరమ్మ విడమరచి చెప్పింది. అదే ఇంట్లో చెబితే, మొదటి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. రెండోదే ఎక్కింది. "మీ పుట్టింట్లో ఎవరికైనా ఉందా వదినా?" అని ఆడపడుచు కూపీ లాగింది. "బ్యూటీ పార్లర్లో ఎవరెవరి మొహాలో ముట్టుకుంటే రాదూ!" అని అత్తగారు తేల్చేసింది. మా ఆయనైతే పార్లర్ ఓనరుకి తనే ఫోన్ చేసి నా జబ్బు సంగతి చెప్పేశాడు. "రేపు నలుగురికీ అంటిందంటే మాటొస్తుంది. నీ మంచికే," అన్నాడు. ఆ సాయంత్రమే ఆవిడ నన్ను రావద్దంది. తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని ఒక్క ఫోన్‌తో పోయింది.

భర్తకి కూడా పరీక్ష చెయ్యాలని డాక్టరమ్మ పట్టుబడితే, "నాకేం రోగం?" అని రెండుసార్లు తప్పించుకున్నాడు. మూడోసారి నేనే వెంటబెట్టుకుని వెళ్ళాను. రిపోర్టు వచ్చింది. అతనికీ ఉంది.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నారా?" అని ఆవిడ అడిగింది.

అతను నేలచూపులు చూశాడు. "ఉద్యోగంలో చేరేటప్పుడు... ఉందన్నారండీ. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఊరుకున్నా."

"ఎన్నాళ్ళైంది?"

"ఆరేళ్ళు."

మా పెళ్ళై నాలుగేళ్ళు.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "పెళ్ళికి ముందే చెప్పుంటే ఈవిడకి మూడు టీకా సూదులతో పోయేది కదయ్యా!"

ఇంటికొచ్చాం. రిపోర్టు సంగతి వినగానే అత్తగారు గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, నా కొడుక్కి కూడా అంటించావా!"

అతను బూట్లు విప్పుకుంటున్నాడు. నోరు తెరుస్తాడని చూశాను. ఒక బూటు విప్పాడు. రెండోదీ విప్పాడు.

"మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాను.

"ఇప్పుడెందుకే, అమ్మకి బీపీ ఉంది."

నేనే చెప్పాను, ఆరేళ్ళనీ, సూదులనీ, ఒక్కటి కూడా దాచకుండా. అత్తగారు కుర్చీలో కూలబడింది. "మగాడు, ఎలా చెప్పుకుంటాడే?" అంది.

నా ఒళ్ళు భగ్గుమంది. మా అక్కకి ఫోన్ చేసి వస్తున్నానన్నాను. మందులు, రిపోర్టులు, నాలుగు చీరలు సర్దుకున్నాను. "కాన్పుకి ఇంకా టైముంది కదా, ఇప్పుడెక్కడికి?" అని అతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"బిడ్డకి ఈ జబ్బు రాకుండా పుట్టిన పన్నెండు గంటల్లోపు రెండు సూదులు వేయించాలి. నోరు విప్పడానికి మీకు ఆరేళ్ళు చాలలేదు. జరగండి," అన్నాను.