కోసిన కాడలు

వాన వెలిసిన పొద్దున పెద్దకోడలు గుట్టకు వెళ్లేసరికి, తానెవరికీ చెప్పని పుట్టగొడుగుల చోటును ఎవరో ఊడ్చేసినట్టుంది. ఇంటికొచ్చి చూస్తే వంటింట్లో తోటికోడలు, చిన్నకోడలు, బుట్టెడు తెల్ల పుట్టగొడుగులు ముందేసుకుని కూర్చుంది. పెద్దకోడలికి ఒళ్లు మండిపోయింది. పైగా అన్నీ చాకుతో కాడ మధ్యకి కోసినవే.

"మొదలు చూడకుండా ఏది మంచిదో ఎలా తెలుస్తుంది? పారెయ్."

"నీ చోటు కనిపెట్టాననేగా అక్కా, ఈ ఏడుపు?"

"ఏడుపే అనుకో," అంటూ బుట్ట లాక్కుని పెంటకుప్ప మీద బోర్లించింది.

చిన్నకోడలు ఆమె జబ్బ పట్టుకుని, "పద, ఆ మొదళ్లలో ఏముందో చూపించు," అని గుట్టకు లాక్కెళ్లింది. అక్కడ పెద్దకోడలు మట్టిలో మిగిలిన మొదళ్లను ఒక్కొక్కటే వేళ్లతో పెకలించింది. పది దాకా మంచివే వచ్చాయి. చిన్నకోడలు నవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాతది తెల్లటి సంచిలో కూర్చున్నట్టు ఉబ్బుగా వచ్చింది. అది విషపుది.

నవ్వు ఆగిపోయింది. "పిల్లలు కూడా తినేవాళ్లు," అంది చిన్నకోడలు మెల్లగా.

"అందుకే పారేశాను. నీ మీద ప్రేమతో కాదు."

ఇద్దరూ ఇల్లు చేరారు. చిన్నకోడలు చేతులు మూడుసార్లు కడుక్కుంది కానీ, ఒక్క మంచిమాట అనలేదు. పెద్దకోడలూ ఎదురుచూడలేదు. మర్నాడు ఒంటరిగా వెళ్లి, గుట్ట అవతల కొత్త చోటు వెతుక్కుంది.