కడిగేసిన నంబర్లు

...అక్కడ్నించి కాదమ్మలూ, రాళ్ల దగ్గర్నించి రాయి. నేను నిదానంగానే చెబుతాలే. చెయ్యి నొప్పెడితే ఆగు.

మన గుడి మండపం బాగుచెయ్యడానికి గవర్నమెంటు డబ్బిచ్చింది కదా. ఇంజనీరమ్మ వచ్చి, కుంగిపోయిన నేల రాళ్లన్నీ లేపించింది. మళ్లీ ఎక్కడివక్కడే పెట్టాలని ఒక్కోదాని మీద సుద్దతో నంబరేయించి పెరట్లో పరిపించింది. మర్నాడు మీ నానమ్మ చూసింది. దేవుడి రాళ్లు ఇంత మురికిగానా అని, భజన జట్టునంతా పోగేసి, బిందెలతో నీళ్లు తెచ్చి, పీచు పెట్టి తోమి తోమి అద్దాల్లా చేసిపెట్టింది. ఒక్క నంబరు మిగిలితే ఒట్టు.

ఇంజనీరమ్మ చూసి అక్కడే కూలబడింది.

"ఎంత పని చేశారు మామ్మగారూ. సోమవారం పై ఆఫీసర్లొస్తారు. పాత నేలలో ఏ రాయి చోట ఆ రాయి ఉంటేనే మిగతా డబ్బు. లేదంటే పని ఆగిపోతుంది."

మీ నానమ్మ ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. "గుడి పని నా చేతుల్తో నేనే ఆపేశానయ్యా" అని ఒకటే గొణుగుడు. నాతో పోట్లాడనైనా లేదు. దాంతో నాకు భయమేసింది.

పొద్దున్నే లేచి "పద" అంది. రాళ్ల మధ్య తిరిగి తిరిగి ఒకదాని మీద చతికిలబడింది.

"ఇది నాది, భజనలో నేను కూర్చునేది. స్తంభం పక్కది. ఈ బొడిపె ఎన్నేళ్లు నా మోకాలికి పొడిచిందో నాకు తెలీదా."

ఇంజనీరమ్మ మొహం వెలిగింది. "మిగతావాళ్లని కూడా పిలవండి" అంది. ఇక చూడు, జట్టంతా దిగింది.

"అది నాదే, నూనె మరక చూడు."

"నీదెలా అవుతుందే, నువ్వెప్పుడూ నా వెనక కునికేదానివి."

"నీ గొంతు వింటే దేవుడికే కునుకొచ్చేది, నేనెంత."

ఎవరి పక్కన ఎవరు కూర్చునేవారో అదే వరసలో పేర్చుకుంటూ పోతే, అంచులు అతికినట్టు సరిపోయాయి. సోమవారం పై వాళ్లొచ్చి, నేలంతా నడిచి చూసి, డబ్బిస్తామన్నారు. ఆ పూట మీ నానమ్మ మారు వడ్డించుకుంది. నన్ను తనివితీరా తిట్టింది.

ఒక్క రాయికి మాత్రం ఇంకా సున్నం పెట్టలేదు. అది మీ చిన్ననానమ్మ ఈ ఊళ్లో ఉన్నప్పుడు కూర్చునేది. నాలుగు పక్కలా సమానం, ఎటు తిప్పినా పడుతుంది, ఏ పక్క ఎటుండేదో తెలీదు. చెల్లెలు వచ్చి కూర్చుని చెబితేగానీ సున్నం పెట్టనివ్వనని మీ నానమ్మ భీష్మించుకుంది. మేస్త్రీ తాపీ పట్టుకుని నా మొహం చూస్తున్నాడు. చిన్ననానమ్మకి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించు తల్లీ. కాస్త గట్టిగా చదువు, ఆవిడకి చెవులు సరిగా వినబడవు.