బ్లాక్‌జాక్ బల్ల మీద బోణీ

శిక్షణ తీసుకున్న రోజుల్లో స్పందన చేతులకు ఎవరూ వంక పెట్టలేదు. పేకముక్క తీస్తే తీసినట్టు, డబ్బుకు బదులు వాడే చిప్పు బిళ్లలు పేరిస్తే పేర్చినట్టు ఉండేది. అయితే అక్కడివి ఉత్తుత్తి చిప్పులు. ఈ మధ్యాహ్నం క్యాసినోలో మొదటిసారి అసలు బల్ల వెనక నిలబడింది. ఎదురుగా ఉన్నది అసలు మనుషులు, అసలు డబ్బు. తలపైన కప్పుకు నల్లటి గాజుబుడగలు, వాటిలో కెమెరాలు.

ఇవాళ గట్టెక్కితే ఉద్యోగం ఖాయం. లేకపోతే మెడలోని లైసెన్సు కార్డు తీసేసుకుంటారు. ఇక్కడ లెక్క తప్పితే తిడతారు, మళ్లీ నేర్పుతారు. చెయ్యి మీద అనుమానం వస్తే మాత్రం నేర్పడానికేమీ ఉండదు. దొంగ అన్న మాట పడిందంటే ఈ దేశంలో డబ్బు ముట్టుకునే పని మళ్లీ ఎవరిస్తారు? వరంగల్ నుంచి డునెడిన్ వచ్చి, ఆ చలిలో ముక్కు తుడుచుకుంటూ చదువు పూర్తిచేసి, ఆక్లండంతా తిరిగితే చివరికి దొరికిన పని ఇది. ఇంట్లో హోటల్లో ఉద్యోగమని చెప్పింది. పేకముక్కలు పంచుతోందని తెలిస్తే వాళ్ల నాన్న అన్నం మానేస్తాడు మరి.

వెనక సూపర్‌వైజర్ ఇంద్రావతి నిలబడి ఉంది. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆవిడ ముత్తాతలు తెలుగువాళ్లే గానీ భాష ఆవిడదాకా రాలేదు. ఉదయమే ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది.

"చెయ్యి బల్ల మీంచి లేచిందంటే ముందు రెండు అరచేతులూ కెమెరాకు చూపించాలి. ముక్కు దురద పెట్టినా సరే, చూపించాకే గోక్కో. బల్ల దగ్గర ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వద్దు. ఆటగాడితో లాలూచీ అంటారు."

ఆట చూడ్డానికి పిల్లలాటే. ముక్కల విలువ కలిపితే ఇరవై ఒకటికి దగ్గరగా రావాలి, దాటకూడదు. బొమ్మ ముక్కలన్నీ పదే. ఆసు మాత్రం రాజకీయ నాయకుడు, ఒకటి కావాలంటే ఒకటి, పదకొండు కావాలంటే పదకొండు. ఆటగాడు ఇష్టమైతే ఇంకో ముక్క అడుగుతాడు, లేకపోతే ఆగుతాడు. పంచేవాళ్లకు ఆ ఇష్టం లేదు. పదహారు దాకా తియ్యాల్సిందే, పదిహేడు రాగానే ఆగాల్సిందే. చిక్కల్లా ఎక్కడంటే, ముందు ఆడాల్సింది ఆటగాడు. అతను ముందే దాటిపోయాడా, ఆ తర్వాత పంచేవాళ్లు కూడా దాటినా అతని డబ్బు తిరిగి రాదు. ఇంత పెద్ద మేడ లేచింది ఈ చిన్న కిటుకు మీదే.

బల్ల దగ్గర ఒక తెల్ల జంట, వాళ్ల పక్కన ఓ పెద్దాయన కూర్చున్నారు. పెద్దాయన చొక్కా జేబు మీద పసుపు మరక, ఒళ్లో ఖాళీ గుడ్డసంచీ. స్పందన ముక్కలు పంచింది. పెద్దాయనకు పది, ఆరు వచ్చాయి. స్పందన ముందు రాజు పడ్డాడు. పది ఎదురుగా పదహారంటే ఆగినా ఏడుపే, అడిగినా ఏడుపే. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, వేలితో బల్ల మీద తట్టాడు. స్పందన ముక్క తీసి తిప్పింది. తొమ్మిది, అంటే ఇరవై అయిదు.

ఓడినవాళ్ల చిప్పు వెంటనే తీసుకోవాలి. తీసుకుంది. అది ఆమె చేతికొచ్చిన మొదటి అసలు డబ్బు. చెయ్యి ఆమెను అడగకుండానే పైకి లేచింది. చిప్పును కుడి కంటికి ఒకసారి, ఎడమ కంటికి ఒకసారి అద్దుకుని, తెచ్చి ట్రేలో పెట్టింది.

వరంగల్లో వాళ్ల నాన్నది గాజుల కొట్టు. పొద్దున్నే మొదటి బేరం డబ్బు కళ్లకద్దుకోకుండా గల్లాపెట్టెలో పడేది కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఇది పుట్టుకతో కూడా కాదు, గల్లాపెట్టె పక్కన కూర్చుని వచ్చింది. ఉత్తుత్తి చిప్పుల దగ్గర దాక్కుని, అసలు చిప్పు కనబడగానే బయటపడింది.

ఏం చేసిందో తెలిసేసరికి స్పందన పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక ఫోన్ మోగింది. ఇంద్రావతి విని, పెట్టేసి, పక్కకొచ్చి నిలబడింది.

"ఆట ఆపు. చేతులు బల్ల మీద పెట్టు. ఏదీ ముట్టుకోకు."

తెల్ల జంట మొహాలు చూసుకున్నారు.

"చిప్పు మొహం దగ్గరికి ఎందుకెళ్లింది? నోట్లో దాచినవాళ్లను చూశాం, కాలర్లో జారవిడిచినవాళ్లను చూశాం. నువ్వేం చేశావు?"

కన్ను దురద పెట్టిందని చెప్పొచ్చు. అరచేతులు చూపకుండా గోక్కోవడం కూడా తప్పే, పైగా చిప్పుతో కన్ను గోక్కునేవాళ్లు ఎక్కడా ఉండరు. నిజం చెప్పాలంటే, ఎదురుగా కూర్చున్న మనిషి ఓడిపోయినందుకు దేవుడికి దణ్ణం పెట్టానని, ఆ మనిషి వింటుండగా చెప్పాలి. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె పని. దొంగతనం చెయ్యకుండానే తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

"ఆ పిల్ల ఏమీ తియ్యలేదు," అన్నాడు పెద్దాయన ఇంగ్లీషులో. "నా పేరు వీరరాఘవయ్య. శాండ్రింగ్‌హామ్‌లో నాకు పప్పులు, బియ్యం అమ్మే కొట్టుంది. రోజూ పొద్దున మొదటి డబ్బు చేతికి రాగానే నేనూ ఇదే చేస్తాను." తన దగ్గరున్న చిప్పొకటి తీసి కళ్లకద్దుకుని చూపించాడు. "లక్ష్మీదేవికి మా దణ్ణం. బోణీ అంటాం."

ఇంద్రావతి ఆయన్ని చూసింది, స్పందనను చూసింది, వెళ్లి ఫోనెత్తింది. పైనున్నవాళ్లు కెమెరాలో మళ్లీ చూస్తున్నారు. ఇంకొకతను వచ్చి ట్రేలోని చిప్పులు ఒక్కొక్కటీ పరిచాడు. స్పందన అరచేతుల కింద బల్లగుడ్డ తడిసిపోయింది. తన కంటి తడికి చిప్పు అంటుకుని కింద రాలిందేమోనన్న పిచ్చి భయం కూడా వేసింది.

"లెక్క సరిపోయింది," అంది ఇంద్రావతి తిరిగొచ్చి. గొంతు తగ్గించింది. "నువ్వు బతికిపోయావు. ఇంకోసారైతే నేను కూడా ఏమీ చెయ్యలేను. మొదలుపెట్టు."

స్పందన రెండు అరచేతులూ ఎత్తి కెమెరాకు చూపించింది. కృతజ్ఞతగా పెద్దాయన వైపు చూసింది. ఆయన నవ్వుతున్నాడు గానీ అది సంతోషించే నవ్వు కాదు. తెలుగులో, మెల్లిగా అన్నాడు.

"మాదీ యాపారమే గదమ్మా. బోణీ బేరానికొచ్చినోణ్ణి వట్టి చేతుల్తో పంపం. రెండు డాలర్లు తగ్గించైనా సరుకు చేతిలో పెట్టి పంపుతాం. మరి నా సరుకేదమ్మా?"

స్పందన ట్రేలోని చిప్పులు సర్దింది. తెలుగులో మాట్లాడకూడదు.

"మా ఇంటావిడ సీతారత్నం గల్లా మీద కూచునుంది. నేను బియ్యం బస్తాలకని బయల్దేరా. ఈ నెల్లో ఇట్టా బయల్దేరి ఇక్కడ తేలడం మూడోసారి." అంటూనే ముందున్న చిప్పులన్నీ పందెం గీతలోకి తోశాడు. "కానీ. ఇయ్యి."

స్పందన చెయ్యి ముక్కల పెట్టె మీద ఆగింది. వాళ్ల నాన్నకు బోణీ చేసిన ఆడవాళ్లు చేతి నిండా గాజులతో మెట్లు దిగేవాళ్లు. గాజులు కొనడానికి వచ్చి చేతులే పోగొట్టుకుని వెళ్లినవాళ్లు ఒక్కరూ లేరు. ఈయన డబ్బును తను కళ్లకద్దుకుంది. ఆ కళ్లు మండుతున్నట్టనిపించింది. ఒక్క ముక్క తీస్తే చాలు, ఆట మొదలైనట్టే, ఆ చిప్పులు ఇక వెనక్కి రావు.

"ఇంటికి పోండి అంకుల్," అంది తెలుగులో, అందరికీ వినబడేలా. "బియ్యం కొనుక్కొని పోండి. మీకియ్యనీకి నా దగ్గర ఏం లేదు."

"ఏమన్నావు?" ఇంద్రావతి గొంతు గట్టిపడింది.

"ఇంటికి వెళ్లిపొమ్మన్నాను," అంది స్పందన ఇంగ్లీషులో.

 ఇంద్రావతి పక్క బల్ల వైపు తిరిగి, స్పందన చోటికి రమ్మని ఇంకో డీలర్‌కు సైగ చేసింది. పెద్దాయన తల వంచుకుని, గీతలోని చిప్పులు రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు. సంచీలో వేసుకున్నాడు. లేచి, ఆమె మొహం చూడలేక, క్యాషియర్ కిటికీ వైపు నడిచాడు. రేపటినుంచి ఏం చెయ్యాలో స్పందనకు తెలియదు. భయం వేసింది. సిగ్గు మాత్రం వెయ్యలేదు.