దొంగ చలిమిడి

మా విజయనగరం వైపు ఆడపిల్లకు నెల తప్పితే ముందు తల్లికి చెబుతుంది. తల్లి ఆ మాట కడుపులో దాచుకుని, మూడో నెల వచ్చాక చలిమిడి కలిపి, ఎవరికీ చెప్పకుండా తెచ్చి కూతురి ఒళ్ళో పెడుతుంది. దాన్నే దొంగ చలిమిడి అంటారు. అది వచ్చిన రోజునే అత్తగారికి సంగతి తెలుస్తుంది. అంతకుముందు అనుమానం వచ్చినా రానట్టు ఉండడం అత్తగారి మర్యాద. మా అత్తగారు అలాగే ఉంది. నేనూ అలాగే ఉండాలనుకున్నాను. ఉండనిచ్చారా?

మా ఆయన రాయ్‌పూర్‌లో రైల్వే వ్యాగన్లు బాగుచేసే షాపులో చేసి, రిటైరయ్యాక పోయారు. అబ్బాయి వీరేంద్ర ధర్సీవా దగ్గర ఇనుము ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. కోడలు త్రివేణి లాయరు. నాలుగు రాళ్ళు వెనకేసే లాయరు కాదు, బస్తర్ నుంచి వచ్చే గోండు వాళ్ళ కేసులు నెత్తిన వేసుకునే లాయరు. ఆ ఏడు కోసీ అనే ఆవిడ కొడుకు కోసం వచ్చింది. సంతకు వెళ్ళిన పిల్లాణ్ణి ఖాకీ బట్టలవాళ్ళు జీపు ఎక్కించుకుపోయారట. అడిగితే మేం తీసుకుపోలేదు, మాకు తెలియదు అంటారు. ఆ జీపును కళ్ళారా చూసిన మనిషి ఒకరున్నారనీ, పేరు నెమ్మదిగా చెబుతాననీ కోసీ అంటూ ఉండేది. కేసంతా ఆ పేరు మీదే ఆధారపడి ఉంది. వాయిదాలకు వచ్చినప్పుడు ఆవిడ మా వరండాలోనే పడుకునేది, వద్దన్నా నా గిన్నెలు తోమి పెట్టేది. ఆవిడకు తెలుగు కొంచెం వచ్చు. మిగతాది చేతులతో చెప్పుకునేవాళ్ళం.

ఒక ఆదివారం పొద్దున కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు మిఠాయి డబ్బాతో గుమ్మంలోకి వచ్చాడు. పేరు చెప్పలేదు. సర్కారు మనిషినన్నాడు. ఇంటెలిజెన్స్ వాళ్ళు పేర్లు చెప్పుకోరని ఆ తరువాత త్రివేణి చెప్పింది. పిలవని పేరంటానికి వచ్చినవాడికి కూడా కుర్చీ వేయడం మనకు అలవాటు కదా, వేశాను. టీ కూడా ఇచ్చాను. ఆ గ్లాసు తరువాత పారేశాను.

"బధాయీ హో అమ్మాజీ," అన్నాడు డబ్బా నా చేతిలో పెడుతూ. మిగతాదంతా హిందీలోనే, ఎంతో ప్రేమగా చెప్పాడు. "నానమ్మ కాబోతున్నారు. పోయినసారిలా కాకుండా చూసుకోండి. మీ బహూ ఇలా జగ్‌దల్‌పూర్ బస్సుల్లో తిరుగుతుంటే కడుపు నిలుస్తుందా? కేసులు ఇంకొకరు చూసుకుంటారు. పొద్దున్నే వాంతులట కదా, వేయించిన జీలకర్ర బుగ్గన పెట్టుకోమనండి."

నేను కోడలి వైపు చూశాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. వాడు వెళ్ళేదాకా గోడకు ఆనుకుని నిలబడి, వెళ్ళాక తలుపు గడియ పెట్టి వచ్చింది.

"మా అమ్మకి ఫోన్లో చెప్పాను అత్తయ్యా, అంతే. మీ అబ్బాయికి కూడా ఇంకా చెప్పలేదు. ఆ జీలకర్ర మాట మా అమ్మ అన్నది."

నా ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది. ఒక పిల్ల తన తల్లితో వాంతుల సంగతి చెప్పుకుంటుంటే చెవులకు యంత్రాలు తగిలించుకుని విన్నారు. ఎవడో మన భాష వచ్చినవాడే కూర్చుని ఆ మాటలను హిందీలోకి మార్చి ఉంటాడు. పైవాడు దాన్ని చదివి ఉంటాడు. అందులో దేశభద్రత ఎక్కడుందో ఆ పెద్దమనుషులకే తెలియాలి. కాని ఆ తెలివైనవాడు ఒకచోట బోల్తా పడ్డాడు. వాళ్ళ ఇళ్ళలో ముందు అత్తగారికే తెలుస్తుందేమో, నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు. మా ఆచారం వాడి చెవులకు అందలేదు.

ఆ సాయంత్రం వీరేంద్ర తల పట్టుకుని కూర్చున్నాడు. "అమ్మా, నువ్వైనా సెప్పు దానికి. కేసు ఒదిలేస్తే ఆళ్ళు మన జోలికి రారు."

"ఎందుకు రారు?" అంది త్రివేణి. "ఇవాళ కేసు వదిలేయమంటారు. రేపు కోసీ ఎవరితో మాట్లాడుతోందో చెప్పమంటారు." తరువాత నావైపు తిరిగింది. "ఫోన్ విన్నారని కోర్టులో కంప్లైంట్ వేస్తాను అత్తయ్యా. కాకపోతే అందులో కడుపు సంగతి రాయాలి. మీకు ఇష్టం లేకపోతే వద్దు."

నాకు భయమే. పోయినసారి రెండో నెలలోనే పోయింది. ఇప్పుడూ రెండో నెలే. ఇలాంటి మాట నలుగురిలో పడితే దిష్టి తగులుతుందని నమ్మే మనిషిని నేను. అయినా ఆ మిఠాయి డబ్బా బల్ల మీద కనిపిస్తూనే ఉంది.

"రాసీ అమ్మా," అన్నాను. "మాట ఎలగూ బయటపడిపోనాది. దొంగే బయటపడాల."

కొన్నాళ్ళకు కోర్టులో సర్కారు వాళ్ళ జవాబు వచ్చింది. త్రివేణి వంటింటి గుమ్మంలో నిలబడి చదివింది. మేం ఎవరి ఫోనూ వినలేదు. కోడలి క్షేమం కోరి అత్తగారు అప్పలనరసమ్మే తనంతట తానుగా మాకు సమాచారం ఇస్తూ వచ్చింది. ఇంటికి వచ్చిపోయేవారి గురించి కూడా ఇచ్చింది.

అదీ జవాబు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది అతికినట్టే ఉంది, అదే నా ఏడుపు. అత్త కోడలి మీద చాడీలు చెప్పిందంటే కాదనే లోకం ఎక్కడుంది? త్రివేణికి నిజం తెలుసు. "వీళ్ళ నోట్లో మన్నుపడ" అని ఆ రోజు మొదటిసారి తిట్టింది. మా తెలుగువాళ్ళ కాలనీకి ఎవరు చెబుతారు? గుడి దగ్గర నన్ను చూసి మాటలు ఆపేసేవారు. పక్కింటి ఉమారాణి దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "నిజం సెప్పు పిన్నీ, ఆళ్ళకి నువ్వు ఏటీ సెప్పనేదా?" అంది. ముప్పై ఏళ్ళ ఇరుగుపొరుగు.

అదైనా భరించాను. కోసీ తరువాతి వాయిదాకు వచ్చి మా ఇంటికి రాలేదు. బస్టాండులో పడుకుందట. కోర్టులో ఎవరో ఆ జవాబు ఆవిడకు హిందీలో విడమర్చి చెప్పారు. జీపును చూసిన మనిషి పేరు త్రివేణి అడిగితే, అలాంటి మనిషి ఎవరూ లేరంది. వాడు మిఠాయి తెచ్చిన పని అలా పూర్తయింది.

నన్ను కోర్టుకు పిలిచిన రోజు పొద్దున రైలుకే వియ్యపురాలు నాంచారమ్మ చలిమిడి డబ్బాతో దిగింది. స్టేషను నుంచి నేరుగా కోర్టుకే వచ్చింది. జడ్జిగారి ముందు నా వచ్చీరాని హిందీలో చెప్పాను. "మా ఇళ్ళలో అత్తకి చలిమిడితోనే తెలుస్తుంది బాబూ. అది ఈరోజే వచ్చింది. అప్పటికి నాకే తెలియని మాట వీళ్ళకు నేనెలా చెబుతాను?" ఆయన శ్రద్ధగానే విన్నారు. మళ్ళీ వాయిదా వేశారు.

బయట మెట్ల దగ్గర కళ్ళజోడువాడు ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

"మూడో నెల నిండినట్టేనా అమ్మాజీ?"

"మాకేం తెలుసు? మీకే ముందు తెలుస్తుంది. మీరే చెప్పాలి," అన్నాను.

వాడు నవ్వాడు. సిగ్గు పడతాడేమోనని చూశాను. హాయిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

నాంచారమ్మ కోర్టు వరండా బల్ల మీదే, నల్లకోట్ల మధ్యనే, కూతురి ఒళ్ళో చలిమిడి పెట్టింది. దాచడానికి ఇంకేం మిగిలింది? తన వాయిదాకు వచ్చిన కోసీ ఆ చివర బల్ల మీద కూర్చుని ఉంది. నేను ఒక ముద్ద తీసుకుని వెళ్ళి ఆవిడ ముందు చేయి చాపాను.

"నేను చెప్పలేదు కోసీ," అన్నాను. ఆవిడకు ఆపాటి తెలుగు వచ్చు.

కోసీ నా చేతికేసి చూసింది. నా గిన్నెలు తోమిన చేతులు చీర చెంగులోకి లాక్కుంది. లేచి వెళ్ళి ఇంకో బల్ల మీద కూర్చుంది.