కొండెక్కిన ఛార్జింగు

మా సీమ పేరు కోనసీమ, అందులో మళ్ళీ కాట్రేనికోన అని ఒక ఊరు. ఇన్ని కోనలున్నాయి గానీ చూద్దామంటే ఒక్క కొండ లేదు. కొబ్బరిచెట్టెక్కి చూస్తే ఇంకో కొబ్బరిచెట్టు కనిపిస్తుంది. అంచేత 2008 వేసవిలో నేను బ్యాటరీ స్కూటరు కొని, కొండలైనా ఎక్కేస్తుందన్న షాపువాడి మాట ఇంట్లో అప్పజెప్పగానే, ఏ కొండ అని అడిగింది మా ఆవిడ వీరవేణి.

వాడపల్లి ఏటిగట్టు అన్నాను. గోదారి వెంట వరదకి అడ్డంగా ఉన్న ఆ మట్టిగట్టే మాకు హిమాలయం, దాని మీదికెక్కే ర్యాంపే మాకు ఘాట్‌రోడ్డు.

బండి ఎవరిదన్నది అప్పటికింకా తేలలేదు. నేను పాఠాలు చెప్పే బడి మా వీధి చివరే. నాకు కావాల్సింది షికారు. ఆవిడ కుట్టు నేర్పే సెంటరు పక్క ఊళ్ళో ఉంది. డ్రైవరుకి అటొకరు ఇటొకరు వేలాడే ఆటోలో రోజూ వెళ్ళొస్తుంది. ఆవిడది కుట్టుపని, నాది పనిలేని పని. చివరికి పందెం కట్టుకున్నాం. ఆదివారం ఇద్దరం బండిమీద వాడపల్లి వెళ్ళాలి. నా కాలు నేలకి ఆనకుండా గట్టెక్కితే తాళం నాది, ఆనితే ఆవిడది.

పొద్దున్నే మా ఊరు కొత్తపేటలో బయల్దేరాం. బండి చప్పుడు చెయ్యలేదు. వెనక కూర్చున్న ఆవిడా చప్పుడు చెయ్యలేదు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. పాలకేన్ల సైకిలాయన ఒకడు మా పక్కనే వస్తూ క్షేమసమాచారాలన్నీ అడిగి, ఆలస్యమైపోతోందండీ అని మమ్మల్ని దాటి వెళ్ళిపోయాడు.

రావులపాలెంలో ఆవిడ పిన్ని సత్యనారాయణమ్మ గారు మాకోసమే అన్నట్టు గుమ్మంలో నిలబడి ఉన్నారు. కాఫీ తాగి లేవబోతే అరటిగెల తెప్పించి బండి మీద నా కాళ్ళ దగ్గర పెట్టించారు. మావైపు ఇంటికొచ్చినవాళ్ళని ఉత్త చేతుల్తో పంపరు. పెట్టినదాన్ని వద్దనడమంటే పెట్టినవాళ్ళని వద్దనడమే. "ఎందుకండీ ఇవన్నీ" అంటూనే కాళ్ళు ఎడం చేసి చోటిచ్చాను. గెల మనదైతే గెలుపూ మనదే అన్నాను దారిలో. ఆవిడ నవ్వింది.

మధ్యాహ్నం లొల్లలో ఆవిడ బాబాయి సత్యం గారింట్లో భోజనం. గుక్కెడు కరెంటు పట్టుకుంటానండీ అని వైరు తీసి అరుగు మీది ప్లగ్గులో పెట్టాను. పెరుగన్నంలో మామిడిపండు పిసుక్కుని తిని, పడక్కుర్చీలో వాలగానే నేనూ కరెంటూ ఒక్కసారే పోయాం. నేను నిద్రలోకి, అది కోతలోకి. లేచేసరికి నాకు నిండా ఛార్జింగుంది, బండికి లేదు. ఇంతలో సత్యం గారు పనసకాయ కోయించారు. చిన్నదేనండీ అల్లుడు గారూ అన్నారు. దాన్ని ఇద్దరు మోసుకొచ్చారు. ఎందుకండీ అన్నాను. అని, వెనక కట్టుకోడానికి తాడు కూడా నేనే అడిగాను. ఆయన భార్య పూతరేకుల డబ్బా ఇస్తే, కాయితమంత బరువులేని ఆ డబ్బాని మాత్రం వీరవేణి ఎంతో బాధ్యతగా ఒళ్ళో పెట్టుకుంది.

ఎండ చల్లారాక వాడపల్లి ర్యాంపు మొదట్లో ఊపిరి బిగబట్టి పిడి తిప్పాను. బండి మూలిగింది. మూలుగుతూనే సగందాకా ఎక్కింది. అక్కడ ఛార్జింగు చూపించే ఆఖరి ఎర్ర దీపం కొండెక్కింది గానీ మేం ఎక్కలేదు. బండి వెనక్కి జారడం మొదలెట్టింది. కాళ్ళ మధ్య గెల. దిగనా అని ఆవిడ అడుగుతూండగానే నా కుడికాలు నన్నడక్కుండా నేలకి ఆనింది.

"ఆనిందండీ" అంది వీరవేణి, తాళానికి చెయ్యి చాపుతూ.

"ఇది బండి తప్పు కాదు. మీవాళ్ళు పెట్టిన బరువు."

"వద్దనకపోయేరా?"

"ఎలా అంటాం? బాగుంటుందా?"

"మీరు అనరనే కదండీ నిన్న అందరికీ ఫోన్లు చేసేను. మా ఆయనకి అరటిగెలన్నా పనసకాయన్నా ప్రాణం అని."

గెల దింపించింది. పనసకాయ దింపించింది. నన్నెలాగూ దింపేసింది. బరువు తగ్గేసరికి ఎర్ర దీపం మళ్ళీ కళ్ళు తెరిచింది. ఆవిడ కొంగు నడుముకి దోపుకుని, పూతరేకుల డబ్బా ముందు పెట్టుకుని, నిదానంగా రండి అని చెప్పి, కాలు కిందపెట్టకుండా గట్టెక్కేసింది.

నేను గెల భుజానికెత్తుకుని, పనసకాయని చేత్తో ఎగువకి దొర్లించుకుంటూ బయల్దేరాను. వెంకన్న దర్శనం చేసుకుని వస్తున్న జనం భక్తిగా పక్కకి తప్పుకున్నారు. ఒక పెద్దాయన చేతులు జోడించాడు.

"మొక్కాండీ?"

"ఆయ్."

"ఏవని మొక్కుకున్నారండీ?"

"గట్టెక్కించమనండీ."

పైనుంచి హారను మోగింది.