నాలుగు కొసరు దింపులు

మా నాన్నకు కోపం వస్తే అరుస్తాడు. నాకు కోపం వస్తే మాట్లాడటం మానేస్తాను. ఇద్దరిలో ఎవరికి వచ్చినా అన్నాలు ఆలస్యమవుతాయని మా అమ్మ సుబ్బరావమ్మ దిగులు. ఆ ఏడాది మాత్రం నాన్న అరవడం మానేశాడు. అమ్మ అసలు దిగులు అప్పుడు మొదలైంది.

నాన్న పేరు యలమందయ్య. పొదిలిలో దర్శి రోడ్డు మీద ఆయనకో రేకుల షెడ్డు ఉంది. ముప్ఫై ఏడేళ్ళుగా అందులో ట్రాక్టర్ ఇంజన్లకు హోనింగ్ చేస్తున్నాడు. పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడను సాన రాళ్ళతో రుద్ది, వెంట్రుకలో పదో వంతు తేడా కూడా రాకుండా కొలతకు తెచ్చే పని అది. తిరిగే రాళ్ళను ఒకసారి కిందికి దించి పైకి లేపితే మా షెడ్డు లెక్కలో ఒక దింపు. గోడ మరీ నున్నగా ఉంటే నూనె నిలవదు, మరీ గరుకుగా ఉంటే రింగులు అరిగిపోతాయి. సన్నటి గీతలు ఏటవాలుగా, గళ్ళు గళ్ళుగా పడాలి. టార్చిలైటు వేసి ఆ గళ్ళ మెరుపు చూసి, ఇంకెన్ని దింపులు కావాలో నాన్న చెప్పేసేవాడు.

ఇప్పుడు ఆ మెరుపు ఆయనకు కనబడదు. షుగరు కంటి వెనక పొరను తినేసింది. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకుందామని ఒంగోలు డాక్టరు చెప్పాడు. ఆ తరవాత పదిరోజులకే నాన్న ఒక సిలిండర్ను ఎక్కువ రుద్ది పాడు చేశాడు. "ఇంక షెడ్డు కట్టేద్దామే అమ్మాయ్" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు భయమేసింది. ఆదివారం ఒక్కరోజు షెడ్డు మూస్తేనే తోచక, బాగున్న ఫ్యాను విప్పి మళ్ళీ బిగించే మనిషి. షెడ్డు లేకుండా ఆయన ఎలా బతుకుతాడు?

నేను కంప్యూటర్ గేములు తయారుచేసే కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. నీటి మీద వెలుగు, కత్తి మీద మెరుపు, ఆడేవాడు చూపు తిప్పిన క్షణంలోనే మారిపోయేలా ప్రోగ్రాములు రాస్తాను. "ఆ మెరుపేదో నా సిలిండర్లో చూపించకూడదటే?" అని నాన్న ఒకసారి వేళాకోళమాడాడు. నేను ఆ మాట వదల్లేదు.

అయిదు నెలలు పట్టింది. రాళ్ళు బిగించే మెషిను తలకు చిన్న సెన్సార్లు పెట్టాను. అవి సెకనుకు వేల కొలతలు పంపిస్తాయి. వాటితో లోపలి గోడ బొమ్మను నా ప్రోగ్రాం అప్పటికప్పుడు గీసి, మెషిను పక్కనున్న పెద్ద టీవీలో చూపిస్తుంది. రెప్పపాటు ఆలస్యమైనా ఈలోపు లోహం అరిగిపోతుంది కనుక, ఆలస్యం లేకుండా గీయడమే నేను కనిపెట్టిన కిటుకు. ఇంకా రుద్దాల్సిన చోట ఎరుపు, కొలతకొచ్చిన చోట పచ్చ. జానెడు దూరం నుంచి ఆ రంగులు నాన్నకు తెలుస్తాయి. దీనికి పేటెంటు కోసం దరఖాస్తు కూడా మొదలుపెట్టాను. నేనంత తెలివైనదాన్నని నాకు గట్టి నమ్మకం.

ముందు పది సిలిండర్లు నాన్న పాత పద్ధతిలోనే చేశాడు. కళ్ళకు బదులు చేతి వేళ్ళు పనిచేశాయి, గేజి మీద అంకెలు అమ్మ చదివి చెప్పింది. నేను అన్నీ రికార్డు చేసి, ఏది పచ్చో ఏది ఎరుపో ప్రోగ్రాంకు నేర్పాను.

టీవీ చూసి చేసిన మొదటి పని కొనకనమిట్ల వైపు నుంచి వచ్చిన శ్రీకృష్ణది. మిరపా పత్తీ వేసే రైతు, మా నాన్న దగ్గరికి తప్ప ఇంకెక్కడికీ పోడు. గోడంతా పచ్చబడింది. అయినా నాన్న చెయ్యి మళ్ళీ లివరు మీదికి పోయింది.

"నాన్నా, ఆపు! పచ్చబడింది కదా. ఇంకా ఆడిస్తే కొలత పోద్ది" అని కేకేశాను.

ఆయన చెయ్యి తీసేశాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు. ఏమిటని నేను అడగలేదు.

మూడు వారాలకు శ్రీకృష్ణ మళ్ళీ వచ్చాడు.

"ఏంది బాబాయ్, ఇంజను నూనె తాగేస్తా ఉంది. మిరప చేలో మందు కొడదామని పోతే, అది వదిలే పొగకి పక్క చేలో కూలోళ్ళు కూడా ముక్కులు మూసుకున్నారు."

నాన్న ఇంజను విప్పించి, సిలిండర్లో వేలు పెట్టి చాలాసేపు తడిమాడు. తప్పెవరిదని అరవలేదు. షెడ్డుకు తాళం వేసి ఇంటికొచ్చి, తాళంచెవి అమ్మ చేతిలో పెట్టాడు.

"కళ్ళు పోయినా చెయ్యుందనుకున్నా. అదీ పోయింది."

"మిషనుదేమో తప్పు, మీరెందుకట్టా అనుకోవడం?" అంది అమ్మ.

"పిల్ల చేసిన మిషను బానే ఉంది. నా చెయ్యే."

నన్ను తిట్టినా బాగుండేది. తప్పంతా తన మీద వేసుకునేసరికి వంటింట్లోకి పోయి ఏడ్చాను. ఆ తరవాత నా ప్రోగ్రాం మీద, నా మీద, లోకంలో ఉన్న టీవీలన్నిటి మీదా కోపం వచ్చింది. శ్రీకృష్ణను నాలుగు రోజులు ఆగమని బతిమాలాను.

మర్నాడు పొద్దున్నే పాత రికార్డింగులు ముందేసుకుని కూర్చున్నాను. పది సిలిండర్లలోనూ ఒకటే తంతు. కొలతకొచ్చాక కూడా నాలుగు దింపులున్నాయి. మూడు కాదు, అయిదు కాదు. అరిగింది ఎంత తక్కువంటే, ముసలాయన చేతి వణుకు అనుకుని, ప్రోగ్రాంకు నేర్పేటప్పుడు ఆ ముక్కలన్నీ నేనే కోసి పారేశాను. చెయ్యి వణికితే పదిసార్లూ నాలుగే ఎలా వస్తాయి?

నాన్న వసారాలో అమ్మ పక్కన కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నాడు. ఎదురుగా గొంతుక్కూర్చున్నాను.

"కొలతకొచ్చాక నాలుగుసార్లు రాళ్ళెందుకు దింపేవాడివి నాన్నా?"

ఆయన సిగ్గుపడ్డాడు. మా నాన్న సిగ్గుపడటం నేను చూడటం అదే మొదలు.

"అదా... అది పని కాదులేవే. కొసరు."

"కొసరేంటి?"

"మీ నాయనమ్మ పిచ్చమ్మ ఇంటింటికీ తిరిగి పాలు పోసేది గదా. కొలిచి పోశాక ఇంకో గుక్కెడు ఒంపందే ఆమెకి చెయ్యి వెనక్కి వచ్చేది కాదు. నాకూ అదే అలవాటైంది. కొలతయ్యాక, రాళ్ళని గోడకి నొక్కే స్క్రూ అరచుట్టు వదులు చేసి, బరువెయ్యకుండా నాలుగు దింపులు ఊరికే ఇస్తా. మనల్ని నమ్ముకుని అంత దూరం నుంచి వస్తారు, నా తృప్తికి. ఆ రోజూ ఇయ్యబోయా, నువ్వు ఆపమన్నావు."

"చెప్పొచ్చుగా మరి!"

"సెకనుకి వేల కొలతలు తీసేదానివి. నీ దగ్గర మా అమ్మ పాలచెంబు సంగతి ఏం చెప్పనే?"

బరువు లేని ఆ నాలుగు దింపులు గీతల మొనలను మాత్రమే గీకుతాయి. నూనె నిలిచే పల్లాలు అలాగే ఉంటాయి, రింగులను కొరికే పదును పోతుంది. ఆ పదును మిగలబట్టే శ్రీకృష్ణ ఇంజను రింగులరిగి నూనె తాగింది. పెద్ద ఫ్యాక్టరీల్లో సరిగ్గా దీనికోసమే వేరే మెషిన్లు పెడతారు. మా నాన్న మాత్రం దాన్ని మర్యాద అనుకున్నాడు. నేను చేతివణుకు అనుకున్నాను. ఆయన్ను గట్టిగా వాటేసుకున్నాను. "మిరపకాయ చేతులే, కళ్ళకి తగుల్తాయి" అని అమ్మ గోల పెట్టింది.

రెండు రోజులు కూర్చుని బొమ్మ మార్చాను. ఇప్పుడు మొనలు తెల్లగా కనబడతాయి, అవి చదునైతేనే తెర ఆగమంటుంది. శ్రీకృష్ణ కొత్త రింగులు తెచ్చాడు. అమ్మ తాళంచెవి ఇస్తే నాన్న వద్దన్నాడు. నేనే షెడ్డు తీసి, ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను.

గోడ పచ్చబడింది. నాన్న స్క్రూ అరచుట్టు వదులు చేసి, లివరు మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని, ధాన్యం కొలిచేవాళ్ళలా ఒకటికి బదులు లాభం అంటూ లెక్కపెట్టాడు.

"లాభం... రెండు... మూడు... నాలుగు."

తెర మీద తెల్లటి మొనలన్నీ ఒక్కొక్కటే మాయమయ్యాయి. నాలుగో దింపుకు ఒక్కటీ మిగల్లేదు.

"తెర చూడకుండా కళ్ళు మూసుకున్నావేంటి?" అన్నాను.

"వీటికి నేనెప్పుడూ చూడలేదే" అన్నాడు.

శ్రీకృష్ణ ట్రాక్టరు ఆ సీజనంతా మిరప టిక్కీ బస్తాలు మోసింది, పొగ లేదు. పేటెంటు దరఖాస్తులో ఆ చివరి భాగం కొత్తగా రాసి, ఒక మధ్యాహ్నం నాన్నకు చదివి వినిపించాను. కనిపెట్టినవారి పేర్ల దగ్గర నా పేరు, ఆయన పేరు చదివాను.

"నా పేరెందుకు? కొసరు మా అమ్మది. పిచ్చమ్మ అని రాయి."

"చనిపోయిన నాయనమ్మ హోనింగ్ కనిపెట్టిందని ఎలా రాస్తాను నాన్నా? వాళ్ళు ఒప్పుకోరు."

"ఎందుకొప్పుకోరే? ఎవరా ఒప్పుకోనోడు? నంబరియ్యి, నేను మాట్లాడతా! జనమంతా తాగారు ఆమె పోసిన పాలు! నువ్వు రాస్తావా, రాయవా?"

రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూసేంత గట్టిగా అరిచాడు. నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను.

అమ్మ వంటింట్లోంచి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"హమ్మయ్య, అరిచారు. లెండి, అన్నం తిని షెడ్డుకి పోదురుగాని" అంది.